లింగమూర్తి గీసిన దుమ్ము

ఊళ్లో పెళ్లిళ్లు ఆగిపోయిన రోజుల్లోనే లింగమూర్తికి బతుకు మొదలయ్యేది. ఆషాఢం గానీ మూఢం గానీ వచ్చిందంటే గోదావరిఖనిలో ఫొటో స్టూడియోల వాళ్లంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటారు. లక్ష్మీనగర్‌లోని రఘుపతి డిజిటల్స్‌లో కూడా ఓనరు రఘుపతి షట్టరు సగం దించుకుని ముందుగదిలో కునుకు తీసేవాడు. లోపలి గదిలో, పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసే కంప్యూటరు ముందు, ఆయన దగ్గర పనిచేసే లింగమూర్తి బొగ్గు దుమ్మును గీస్తూ ఉండేవాడు.

గీయడమంటే కుంచె పట్టి గీయడం కాదు. లెక్కలు రాసి, ఆ లెక్కల ప్రకారం ఏ చుక్కకు ఎంత వెలుగో కంప్యూటరునే తేల్చమనడం. ఆ విద్యకు కంప్యూటర్ గ్రాఫిక్స్ అని పేరుందనీ, దాని మీద దేశదేశాల్లో పరిశోధనలు జరుగుతాయనీ అతనికి నెట్ సెంటర్‌లో కూర్చుంటేనే తెలిసింది. ఇంటర్ ఎంపీసీ పాసై, డిగ్రీ రెండో ఏట ఆపేసినవాడు. వాళ్ల నాయన సదయ్య బాయిలో, అంటే బొగ్గు గనిలో, బొగ్గెత్తే ఫిల్లరుగా ముప్పై నాలుగేళ్లు చేసి దిగిపోయేసరికి వారసత్వపు ఉద్యోగాలు బందై ఉన్నాయి. ఈ ఊళ్లో మగాణ్ణి రెండే ప్రశ్నలు అడుగుతారు: ఏ బాయి, ఏ షిఫ్టు. రెంటికీ జవాబు లేనివాడు మనుషుల లెక్కలో లేనట్టే. లింగమూర్తి ఆ లెక్కలో లేడు.

దుమ్ము గొడవ మొదలైంది రెండువేల నాలుగులో. ఒక యూనియన్ వాళ్లు కాలెండరు మీదికి బాయి లోపలి బొమ్మ కావాలన్నారు. లింగమూర్తి ఒక కార్మికుణ్ణి నిలబెట్టి, నెత్తిన లైటు పెట్టి, బొమ్మంతా తెల్లటి మసక పరిచాడు. పెళ్లికూతురి వెనక పొగమంచు పరిచే పద్ధతే అది. అచ్చుకు పంపే ముందు ఇంటికి తెచ్చి నాయనకు చూపించాడు.

"ఇదేంది?" అన్నాడు సదయ్య.

"బాయిల దుమ్ము బాపూ."

"దుమ్మా? వీడెవడో పెండ్లికి పోతున్నడనుకున్న."

"బాగలేదా?"

"గోడకు సున్నమేసినట్టు దుమ్ము అంతట ఒక్కతీరుగ ఉంటదా బిడ్డా? బొగ్గుకు మందు పెట్టిన షాట్ పేలినంక లోపటికి పోతే, నెత్తిమీది లైటు ఎయ్యంగనే దుమ్మే తెల్లగ మొఖానికి కొడ్తది. ముంగటి మనిషి కనబడడు. గప్పుడు మేమేం జేస్తుంటిమి? టోపీ మీదికెల్లి లైటు ఊడదీసి, చెయ్యి జారేసి, నడుం కాడ పట్టుకుంటుంటిమి. ఎంటనే గోడ కనబడ్తది. గదే లైటు, గదే దుమ్ము. జరిపితె మారుతది. నీ బొమ్మల జరిపితె మారుతదా?"

మారదు. ఎట్లా మారుతుంది? అది దుమ్ము కాదు, పూత. లింగమూర్తికి ఆ ఒక్క మాట ముల్లులా దిగింది. లైటు జరిపితే మారే దుమ్మును గీయాలి. గీసి, నాయన చేత అవుననిపించాలి.

కాలెండరు ఆ పూతతోనే అచ్చయింది, ఎవరూ ఏమీ అనలేదు. అతను మాత్రం వదల్లేదు. పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఇంజినీరింగు లెక్కల పుస్తకాలు ఏరుకొచ్చుకున్నాడు. ముందు పేజీలు చిరిగినవి కొన్ని, వెనక జవాబులు చిరిగినవి కొన్ని. ఆషాఢానికి ఆషాఢం, మూఢానికి మూఢం, పని కొద్దికొద్దిగా నడిచింది. శ్రావణం రాగానే మళ్లీ పసుపు నీళ్లు, తలంబ్రాలు, అప్పగింతలు. చివరికి నాలుగో ఆషాఢంలో దారి దొరికింది. కంటి నుంచి గోడ దాకా ఒక దారం కట్టినట్టు ఊహించుకోవాలి. ఆ దారం పొడుగునా ఉన్న ఒక్కో రేణువు దగ్గరికి దీపం నుంచి ఎంత వెలుగు చేరుతుంది, దారిలో ఎంత చచ్చిపోతుంది, చేరినదాంట్లో ఎంత తిరిగి కంటికి వస్తుంది, ఇవన్నీ కూడుకుంటూ పోవాలి. దీపం కంటి పక్కనే ఉంటే దగ్గరి రేణువులే వెలుగంతా మింగి మొహాన కొడతాయి. దీపం కిందికి జరిగితే ఆ కూడిక తగ్గి గోడ బయటపడుతుంది. కంప్యూటరు ఒక్కో బొమ్మకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లెక్క కట్టేది.

సదయ్యను స్టూడియోకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. లైటు నెత్తిన ఉన్న బొమ్మ చూపించాడు, ఆ తర్వాత నడుము దగ్గర ఉన్న బొమ్మ. చూస్తూ చూస్తూ ఉండగానే ముసలాయన చెయ్యి భుజం మీది తువ్వాలను లాగింది. తువ్వాల అంచు తనకు తెలియకుండానే ముక్కు మీదికి పోయింది.

"గిదీ," అన్నాడు తువ్వాల లోపలి నుంచే. "గిట్లనే ఉంటది."

ఆ రోజు నుంచి లింగమూర్తికి ఒకటే యావ. నాయన అవునన్నాడు, సరే. కానీ ఇది ప్రపంచంలో ఇంకెవరికైనా తెలుసా? తెలిసినవాళ్లు చూసి ఏమంటారు? అది తేలితే ఆ నాలుగేళ్లకు ఒక అర్థం ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటరు ఆపరేటరు పని చేతిదాకా వస్తే ఈ యావతోనే వదులుకున్నాడు. వచ్చిన రెండు సంబంధాలనూ "వచ్చే ఏడు చూద్దాం" అని తిప్పి పంపించాడు.

రెండువేల ఎనిమిదిలో నెట్‌లో ఒక ప్రకటన కనిపించింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద అంతర్జాతీయ సదస్సు, ఏటా ఒక దేశంలో. పరిశోధన పత్రాలు పంపండి, నిపుణులు చదివి నిర్ణయిస్తారు అని ఉంది. దాని కింద ఒక నియమం: పత్రంలో రాసినవారి పేరుగానీ, వారెవరో తెలిపే గుర్తుగానీ ఎక్కడా ఉండకూడదు. ఆ వాక్యం లింగమూర్తి పదిసార్లు చదువుకున్నాడు. పేరు తెలియదు. ఊరు తెలియదు. కాలేజీ ఏదని అడగరు. కాగితం మీద ఉన్నదే చూస్తారు. లోకంలో తన కోసం ఎవరో కూర్చుని రాసిన నియమం ఇదొక్కటే అనిపించింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో పద్నాలుగు పేజీలు రాశాడు. పద్నాలుగు బొమ్మలు తీశాడు.

పంపే రోజు రఘుపతి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ముద్రేదిరా?"

ఫొటో స్టూడియోల ధర్మం అది. స్టూడియో నుంచి బయటికి వెళ్లే ప్రతి బొమ్మ మూలన స్టూడియో పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉండి తీరాలి. లేకపోతే ఇంకో స్టూడియో వాడు ఎత్తుకుపోయి తనదంటాడు.

"పేరు ఉండొద్దంటున్నరన్నా."

"ఎవని పేరు?"

"రాసినోని పేరు."

"రాసింది నువ్వు. నేను రాసిన్నా? నాకు ఏబీసీడీలు తప్ప రావు. నీ పేరు తీసెయ్యి, మంచిదే. కని మిషన్ నాది. నా మిషన్‌ల నుంచి ముద్ర లేకుంట ఒక్క బొమ్మ బయటికి పోలేదు. ముద్ర లేని బొమ్మ దొంగబొమ్మరా. రేపు గా దేశం స్టూడియోల పోరగాండ్లు ఎత్కపోయి మాదే అంటె ఏం జేస్తవ్? నెత్తికి చేతులు పెట్టుకుంటవా?"

లింగమూర్తి ఆలోచించాడు. దాచమన్నది రాసినవాడి పేరు, ముద్రలో ఉన్నది స్టూడియో పేరు. నాలుగేళ్లు కంప్యూటరు వాడుకోనిచ్చినవాడు అడిగింది అదొక్కటే. పైగా ముద్ర లేకుండా బొమ్మ పంపడం అతనికే మనసొప్పలేదు. బట్టల్లేకుండా పిల్లను వీధిలోకి పంపినట్టుంది. మొదటి పేజీలో తన పేరు తుడిచేశాడు. పద్నాలుగు బొమ్మల మూలనా ముద్ర వేశాడు: రఘుపతి డిజిటల్స్, లక్ష్మీనగర్, గోదావరిఖని, సెల్ నంబరు.

మూడు వారాలకు జవాబొచ్చింది. నాలుగే వాక్యాలు. మీ బొమ్మలన్నిటిలోనూ మీరెవరో తెలిపే గుర్తులున్నాయి. ఇది నియమాలకు విరుద్ధం. కనుక మీ పత్రాన్ని నిపుణులకు పంపకుండానే తిరస్కరిస్తున్నాం. మీ ఆసక్తికి కృతజ్ఞతలు.

రఘుపతికి చదివి వినిపించాడు.

"సదవనే లేదా?"

"సదవలే."

"నంబరు గూడ ఉండెగదరా! ఒక్క ఫోన్ జేసి తీసెయ్యున్రి అంటె తీసెయ్యకపోతుమా? గంత పెద్ద సదువుకున్నోళ్లు, ఫోన్ చెయ్యనీకి ఏం రోగం?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తర్వాత వారం రోజులు తనే హోటలుకు పోయి లింగమూర్తికి చాయ్ తెచ్చిపెట్టాడు, మొహం మాత్రం చూడలేదు.

మళ్లీ పంపుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారు. దెబ్బ తిన్నవాడికి సలహా చెప్పడం ఊరికే అయ్యే పని. ఒకసారి మొహం మీద తలుపు పడ్డాక మళ్లీ తట్టాలంటే చెయ్యి లేవదు. లింగమూర్తి ఇంకో విధంగా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. వాళ్లు తప్పనలేదు, చదవలేదు అంతే. అంటే పత్రం బతికే ఉంది. ఈసారి ఎవరూ కాదనలేనంత గట్టిగా చేసి పంపాలి. ఒక రేణువు మీద పడ్డ వెలుగు ఇంకో రేణువు మీదికి దూకడం లెక్కలోకి తేవాలి. దాంతో ఇంకో రెండేళ్లు పోయాయి. ఆ లెక్క తెగలేదు.

రెండువేల పది డిసెంబరులో ఒక ఫోన్ వచ్చింది. హైదరాబాదులో ఫొటోల కాంట్రాక్టులు పట్టే ఒక పాత దోస్తు చేశాడు. మూడు రోజుల పెద్ద మీటింగు, తెల్లవాళ్లు కూడా వస్తున్నారు, రెండో కెమెరా పట్టే మనిషి కావాలి అన్నాడు. ఏం మీటింగు అని అడిగాడు లింగమూర్తి. దోస్తు కాగితం చూసి చదివాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద అంతర్జాతీయ సదస్సు.

రైలు రోకోలు లేని రోజు చూసుకుని భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. కెమెరా సంచిలో అడుగున పద్నాలుగు పేజీలు పెట్టుకున్నాడు.

ఆ హాల్లో అందరి మెడల్లోనూ కార్డులున్నాయి. కార్డు మీద పేరు, దాని కింద విశ్వవిద్యాలయం, దాని కింద దేశం. లింగమూర్తి కార్డు మీద 'ఫొటోగ్రఫీ' అని మాత్రం ఉంది. వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు వచ్చి నీటి అలలను, వెంట్రుకలను, పట్టుబట్ట మడతలను లెక్కలతో ఎట్లా పుట్టించారో చెబుతున్నారు. ఫ్లాష్ కొడుతూనే వింటున్నాడు. సగానికి పైగా అర్థమవుతోంది. ఆరేళ్లుగా తన తలకాయలో మూగగా తిరిగిన మాటలను మనుషులు నోటితో, నవ్వుతూ, టీ తాగుతూ అనుకోవడం మొదటిసారి విన్నాడు. ఒకచోట ఫోకస్ కుదరలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ కొట్టాడు.

రెండో రోజు పొద్దున పేర్లు నమోదుచేసే బల్ల దగ్గర నిలబడి ఉండగా సదయ్య ఫోన్ చేశాడు.

"ఆఁ బాపూ, తిన్న. నువ్వు గోలీలేసుకున్నవా? దగ్గు తగ్గిందా?"

బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నవ్వింది. "ఏ ఊరన్నా?"

"గోదారిఖని."

"మాది నస్పూర్. మా బాపుది గూడ బాయి నౌకరే."

పేరు రమ. సదస్సు నడుపుతున్న కాలేజీలోనే పరిశోధన చేస్తోంది. లింగమూర్తి అటూ ఇటూ చూసి సంచిలోంచి పేజీలు తీశాడు. "చెల్లె, జర గిది చూస్తవా? నేనే రాసిన."

ఆమె ఆశ్చర్యంగా తీసుకుంది. రెండు పేజీలు మెల్లగా చదివింది. మూడో పేజీ దగ్గర ఆగింది. ఆ తర్వాత వేగంగా తిప్పడం మొదలుపెట్టింది. తెలిసిన దారిలో నడిచేవాళ్ల వేగం అది.

"మా సారుకు చూపిద్దామన్నా," అంది రమ.

టీ విరామంలో ఆ ప్రొఫెసరు ఒక చేత్తో సమోసా పట్టుకుని, ఇంకో చేత్తో పేజీలు తిప్పాడు. ఆంధ్రా ఆయన కాదు, తెలంగాణ ఆయన కాదు. ఇంగ్లీషులోనే మాట్లాడాడు. చాలా శుభ్రంగా తేల్చాడు, తప్పెక్కడా లేదు, ఇతను ఎవరి దగ్గర చదువుతున్నాడు అని అడిగాడు. ఎవరి దగ్గరా కాదని రమ చెప్పింది. ఆయన బొమ్మల వైపు ఇంకోసారి చూశాడు. గొంతు తగ్గించి ఆమెతో అన్నాడు: "పాపం. ఇది ఎనభై రెండులోనే వచ్చేసింది కదా." ఎవరో పిలిస్తే పేజీలు ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

"మంచిగున్నదంటున్నరన్నా," అంది రమ. "చానా మెచ్చుకున్నరు."

"చెల్లె, నాకు ఇంగ్లీష్ మాట్లాడరాదు గని ఇంటే సమజైతది. ఎనభై రెండు అన్నడు. ఏందది?"

రమ పేజీలను అంచులు కలిపి సర్దసాగింది.

"చెప్పు చెల్లె."

"గా ఏడే దీని మీద పేపరొచ్చిందన్నా. గిది మాకు మొదటి సెమిస్టర్‌ల చెప్తరు. హోంవర్క్ గూడ ఇస్తరు."

"హోంవర్కా?"

"ఆఁ."

"ఎన్ని దినాలిస్తరు?"

"వారం," అంది.

"మరి రేణువు మీదికెల్లి రేణువు మీదికి దునికేది?"

"అది గూడ అయిపోయిందన్నా. రెండేండ్లకే అయిపోయింది. అటెన్క చానా మంది చేసిన్రు."

"నెట్‌ల మస్తు దేవులాడిన. ఏడ దొరకలే."

"పైసలు గడితెనే తెరుచుకుంటయన్నా. మాకు కాలేజోళ్లు గడ్తరు." పేజీలు అతని చేతికిస్తూ అడిగింది, "ఏడికన్న పంపకపోయినవా? సదివినోళ్లు గీ ముచ్చట ఒక్క లైన్‌ల రాసిస్తుండిరి."

"పంపిన," అన్నాడు లింగమూర్తి. "సదవలే."

ఎందుకు చదవలేదో చెప్పలేదు. చెబితే ఆమె నవ్వొచ్చు, నవ్వకపోతే జాలిపడొచ్చు. ఆ రెంటిలో ఏది తక్కువ నొప్పో అతనికి తెలియలేదు. ఒక్క లైను. ఆ ఒక్క లైను రెండేళ్ల కిందట వచ్చి ఉంటే? సిమెంటు ఫ్యాక్టరీ పని అప్పటికింకా ఖాళీగానే ఉంది.

"ఫొటోగ్రాఫర్! ఫొటోగ్రాఫర్ ఎక్కడ?" అని లోపలి నుంచి కేకలు. గ్రూప్ ఫొటో. నూటయాభై మంది మెట్ల మీద నాలుగు వరసలుగా నిలబడి ఉన్నారు. లింగమూర్తి స్టూలెక్కాడు. దగ్గరికి జరగండి అని చెయ్యూపాడు. వాళ్లు జరిగారు. పొడుగువాళ్లను వెనక్కి పంపాడు, వెళ్లారు. ఆ మూడు రోజుల్లో వాళ్లంతా అతని వైపు చూసింది ఆ ఒక్క నిమిషమే. మూడుసార్లు నొక్కాడు. ఒక్కరి కళ్లూ మూతపడలేదు. చాలా బాగా వచ్చింది ఫొటో.

ఇంటికొచ్చేసరికి సదయ్య గడపలోనే కూర్చుని ఉన్నాడు. "ఏమన్నరు?"

"కరెక్టే అన్నరు బాపూ. తప్పు లేదన్నరు."

"నేను జెప్పలే!"

అబద్ధం కాదు. ఆ రెండు మాటల తర్వాత ఆయన ఆగలేదు. క్వార్టర్ల మూలన రిటైరైన కార్మికులు కూర్చునే చాయ్ హోటల్లో రెండు నెలలు అదే ముచ్చట. ఒకనాడు నాయనను తీసుకురావడానికి వెళ్లిన లింగమూర్తి బయటే నిలబడి విన్నాడు.

"ఏందిర సదిగా," అంటున్నాడు ఆయన పాత జోడీదారు రాజం, "నీ కొడుకు తెల్లోళ్లకు బొగ్గుదుమ్ము సంగతి నేర్పచ్చిండంట?"

"నేర్పిండు మరి. బాయిల దిగినోని కొడుక్కు తెలుస్తదా, ఏసీల కూసున్నోనికి తెలుస్తదా?"

"నౌకరిచ్చిన్రా మరి?"

"ఇయ్యకపోతె ఎటుపోతరు? గా ఇద్దె ఇంకెవ్వనికి రాదాయె."

ఆ పేపరు పంపుతానని సదస్సు చివరి రోజు రమ అతని మెయిల్ రాసుకుంది, మాట తప్పలేదు. ఎనభై రెండు నాటి పత్రాన్ని మెయిల్‌లో పంపింది. మూఢంలో లోపలి గదిలో కూర్చుని చదివాడు. నాలుగో పేజీలో తన కూడిక ఉంది. తన కంటే పొట్టిగా, తన కంటే అందంగా ఉంది. ఆ ఏడు తనకు రెండేళ్లు. వెనక జవాబులు చిరిగిన పుస్తకాల్లో తను వెతికి వెతికి చచ్చిన మలుపును వాళ్లు ఒక వాక్యంలో దాటేశారు. అది ఎంత బాగుందో ఊళ్లో చెప్పుకోవడానికి మనిషి లేడు. ఆ మధ్యాహ్నం అతను ఏడవలేదు. ముందుగదిలో రఘుపతి గురక వింటూ కూర్చున్నాడు.

పది రోజులకు, అన్నం తింటుండగా సదయ్య ఉత్సాహంగా అన్నాడు. "ఇగ పైకప్పు కూలేది గీయి బిడ్డా. కూలేముందు ఒక సప్పుడొస్తది, చిన్నచిన్న పెళ్లలు రాల్తయి, లైటుల దుమ్ము ఒక్కతీరుగ దిగుతది. గది నేను జెప్తా. గది గూడ ఎవ్వనికి తెల్వది."

ఊరుకోవాల్సింది. ఆ ముద్ద మింగి ఊఁ అనాల్సింది. కానీ అతనిలో రెండు నెలలుగా మగ్గుతున్నది ఎవరో ఒకరి మీద పడక తప్పదు. పడడానికి ఎదురుగా ఉన్నది ముసలాయనే.

"అందరికి తెలుసు బాపూ. నేను రెండేండ్ల పిల్లగాన్ని ఉన్నప్పుడే గీసి పెట్టిన్రు. నేను ఆరేండ్లు జేసింది అక్కడ పోరగాండ్లు వారంల జేస్తరు. ఇంక హోటల్ కాడ జెప్పకు."

సదయ్య చెయ్యి కంచంలోనే ఆగింది.

"వాళ్లు బాయిల దిగిన్రా?"

"దిగలే."

"మరెట్ల తెలిసింది?"

"కూసున్న కాడ లెక్క జేసిన్రు."

"దిగకుంటనే తెలుస్తదా?"

"తెలుస్తది."

ముసలాయన కాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక నీళ్లు తాగాడు. కొడుకు వైపు చూడకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు అడిగాడు: "మరి నేను ముప్పై నాలుగేండ్లు ఏం జూసినరా?"

లింగమూర్తి కంచం తీసుకుని లేచాడు.

మర్నాడు సదయ్య హోటలుకు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. మూడోనాడు రాజం వాకిట్లోకొచ్చి "ఏంది సదిగా, కొడుకు గొప్పోడైతె మేం కానరామా?" అని కేకేశాడు. జ్వరమొచ్చిందని లింగమూర్తి తల్లి సారవ్వ చెప్పి పంపింది. జ్వరమేమీ లేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

మూఢం వెళ్లిపోయింది. కమాన్‌పూర్‌లో తొమ్మిదింటికి పెళ్లి. లింగమూర్తి కెమెరా సంచి భుజానికి తగిలించుకుని గడప దగ్గర కాసేపు నిలబడ్డాడు. "బాపూ, పోయొస్త," అన్నాడు. సదయ్య ఇటు తిరగలేదు. బయట రఘుపతి బండి హారను రెండుసార్లు మోగింది.